వెలగని తెర, వదలని చెయ్యి

లాప్‌టాప్ తెర వెలిగింది. ముందు నీలం రంగు వచ్చింది, దాని మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి, కింద మూలన గడియారం కూడా వచ్చింది. సరిగ్గా పదకొండు సెకన్ల తర్వాత అంతా నలుపు.

ఆ పదకొండు సెకన్లలో రెండు సంగతులు జరిగాయి. ఒకటి, లోవరాజు "హమ్మయ్య" అనుకున్నాడు. రెండు, బల్లకి అవతల కూర్చున్న సత్యవేణి కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని లేచి, "మీరు దేవుడండీ బాబాయ్ గారూ" అంటూ కీబోర్డు మీదుగా వంగి అతని కుడి చేతిని తన కుడి చేత్తో గట్టిగా పట్టుకుంది.

మేలు చేసినవాడి చెయ్యి పట్టుకోవడం మన దగ్గర కొత్తేం కాదు. రెండుసార్లు ఊపి, ఒకసారి నొక్కి వదిలేస్తారు. సత్యవేణి చెయ్యి వదల్లేదు. మణికట్టు లోపల ఎక్కడో టక్కుమని గడియ పడ్డ చప్పుడైంది.

"చాలమ్మా, ఇంక చాలు," అన్నాడు లోవరాజు మొహమాటంగా.

"నేనెప్పుడో వదిలేశానండి. అదే వదలట్లేదు."

ఆమె కుడి చెయ్యి మర చెయ్యి.

ఇక్కడ కాస్త ఆగి ఊరి సంగతి చెప్పుకోవాలి. అది 2061. రాజమహేంద్రవరంలో తెరలు అనేవి దాదాపు కనుమరుగైపోయాయి. చూడవలసిన బొమ్మలన్నీ కళ్ళజోడు లోపలే కనపడుతున్నాయి. లాప్‌టాప్ అంటే ఏమిటో తెలియనివాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుని పిల్లల్ని కూడా కనేశారు. అలాంటి ఊళ్ళో, కోటిపల్లి బస్టాండుకి రెండు సందుల అవతల, లోవరాజు ఒక్కడే పాత తెరలు బాగుచేస్తూ కూర్చున్నాడు. వయసు అరవై. ఏ కాలేజీలోనూ చదవలేదు. "నాకొచ్చిన విద్యంతా పాడుచేసి నేర్చుకున్నదే. మొదటి పదేళ్ళు నా దగ్గరికొచ్చిన యంత్రాలే నాకు గురువులు. పాపం, ఒక్క గురువూ బతకలేదు," అని తనే చెప్పుకునేవాడు.

సత్యవేణిది ఆత్రేయపురం. పూతరేకులు చేస్తుంది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి జారులో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు వస్తుంది. ఊదితే ఎగిరిపోతుంది, గట్టిగా చూస్తే చిరిగిపోతుంది. పన్నెండేళ్ళ క్రితం ధాన్యం మరలో ఆమె కుడి చెయ్యి పోయింది. ఆ తర్వాత ఈ మర చేత్తోనే ఆ రేకులు తీస్తోంది. నెల క్రితం చేతి బ్యాటరీ మార్చగానే, నేర్చుకున్నదంతా అది మర్చిపోయింది. రేకు ముట్టుకుంటే పొడి. దానికి మళ్ళీ నేర్పాలంటే ఒక్కటే దారి. చేతితో పాటు ఇచ్చిన ఆ పాత లాప్‌టాప్‌లో ఒక ప్రోగ్రాం ఉంది. ఆ లాప్‌టాపేమో అటక మీంచి పడి తెర పగిలింది. చెయ్యి తయారుచేసిన కంపెనీ మూతపడి తొమ్మిదేళ్ళయింది.

పదకొండు రోజులు వెతికి, ఊరి చివర తుక్కు గోదాములో అదే కొలత తెర ఒకటి సంపాదించి బిగించాడు లోవరాజు. అది వెలిగిన సంతోషం ఇప్పుడు అతని కుడి చేతిని పట్టుకుని కూర్చుంది.

దారినపోయేవాళ్ళు చూస్తే ఏమనుకుంటారోనని షట్టరు సగం దించుదామనుకున్నాడు. దించితే ఇంకేమనుకుంటారోనని మానేశాడు.

"దీని అడుగున ఏదో నంబరుందండి," అంది సత్యవేణి మణికట్టు తిప్పి. మణికట్టుతో పాటు లోవరాజు కూడా సగం తిరిగాడు.

ఎడం చేత్తో ఆ నంబరు నొక్కి, ఫోను స్పీకర్లో పెట్టాడు. చాలాసేపు మోగింది. చివరికి ఒక పెద్దావిడ గొంతు పలికింది.

"చెప్పండి. డాక్టర్ రెహానాని. ఆ చెయ్యి మీదేనా?"

"చెయ్యి ఈవిడదండి. అందులో ఇరుక్కున్నది నాది."

డాక్టర్ రెహానా ఆ చేతిని రూపొందించిన శాస్త్రవేత్త. ఇప్పుడు కర్నూల్లో విశ్రాంతిగా ఉంటోంది. కంపెనీ పోయినా సహాయం నంబరు మాత్రం పోనివ్వకుండా తన దగ్గరే ఉంచుకుంది. "తొమ్మిదేళ్ళలో మీది మూడో కాల్," అంది. "మొదటి రెండూ రాంగ్ నంబర్లు. సరే, ఏం జరిగిందో వివరంగా చెప్పండి."

ఇద్దరూ చెప్పారు. ఆమె మధ్యలో అడ్డం రాకుండా విని, తాపీగా మొదలుపెట్టింది.

"చెయ్యి పోయినా, దాన్ని కదిలించాలన్న ఆజ్ఞ మెదడు నుంచి వస్తూనే ఉంటుంది. మిగిలిన కండరంలో అది సన్నటి కరెంటులా తిరుగుతుంది. పాత మర చేతులకి ఆ కరెంటులో రెండే మాటలు అర్థమయ్యేవి: తెరువు, మూయి. మేం ఇంకొకటి పట్టుకున్నాం. ఎంత గట్టిగా కావాలనుకుంటున్నారన్నది. దానికి సున్నా నుంచి వంద దాకా అంకె ఇచ్చాం. గుడ్డు పట్టుకోవాలంటే పన్నెండు. నీళ్ళ బిందెకి అరవై. ఆ అమ్మాయి రేకుకి మూడో నాలుగో ఉంటుంది."

"మూడండి," అంది సత్యవేణి గర్వంగా.

"పరీక్షల రోజుల్లో ఒకావిడ గోదావరి దాటించే పంటు పడవ మీంచి జారుతున్న పిల్లాణ్ణి ఈ చేత్తో పట్టుకుంది. కంగారులో కరెంటు ఎగుడుదిగుడై చెయ్యి వదిలేసింది. పిల్లాడికి ఈతొచ్చు కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచీ ఒక తాళం పెట్టాం. అంకె తొంభై దాటితే, పట్టుకున్నది ప్రాణమంత ముఖ్యమైనదని లెక్క. ఇక వదలదు. బ్యాటరీ అయిపోయినా వదలదు, భుజం నుంచి ఊడి కూడా రాదు."

"నేనెవర్నీ పంటు మీంచి పట్టుకోలేదండి," అంది సత్యవేణి. "బాబాయ్ గారికి థాంక్స్ చెబుదామనుకున్నానంతే."

"మనిషికి ఎంత కావాలో కొలిచాం తల్లీ. ఏం కావాలో కొలవలేకపోయాం," అంది రెహానా. "తాళం తీయడానికి లాప్‌టాప్‌లో ఒక బటన్ ఉంది. చేతిని వైరుతో దానికి కలిపి, అది నొక్కాలి. లేదంటే కటింగ్ మెషీన్‌తో కోసేయాలి. పావుగంట పని. కానీ కోస్తే ఆ చెయ్యి ఇక చెత్తే. అలాంటిది ఇప్పుడు ఎవరూ చేయట్లేదు."

ముగ్గురూ నల్లగా ఉన్న తెరని తలుచుకున్నారు. ఇద్దరు చూస్తూ, ఒకరు కర్నూల్లో.

"కోసే మాటొద్దు," అన్నాడు లోవరాజు. "తెర నేను పెట్టిందే. తప్పు నాదే అయ్యుంటుంది. మామూలుగా నాదే."

పని మొదలైంది. లోవరాజుకి మిగిలింది ఎడం చెయ్యి. సత్యవేణికీ మిగిలింది ఎడం చెయ్యే. రెండు ఎడం చేతులు కలిస్తే ఒక కుడి చేతిలో పావు వంతు కూడా కాదని ఆ పూట ఇద్దరికీ తెలిసింది. అతను స్క్రూ తిప్పుతుంటే ఆమె లాప్‌టాప్ కదలకుండా నొక్కింది. ఊడిన స్క్రూలు నాలుగు బల్ల మీద, రెండు నేల మీద, ఒకటి ఆమె చీర కుచ్చెళ్ళలో పడ్డాయి. అతుక్కుపోయిన కుడి చేతుల్ని ఎక్కడ పెట్టాలో తెలియక, పని చేసినంతసేపూ ఎత్తి పట్టుకుని, ఒక్కో ప్రయత్నం అవగానే ఉస్సురంటూ లాప్‌టాప్ మీదే, కీబోర్డు పక్కన కుడివైపు అంచు మీద ఆనించేవారు. బల్ల మీద మిగతా చోటంతా లోవరాజు ముప్పై ఏళ్ళుగా సర్దుదామనుకుంటున్న సామానే.

ముందు తెర వెనక వైరు ఊడదీసి మళ్ళీ గుచ్చాడు. నలుపే. ఛార్జరు పీకి, బ్యాటరీ తీసి, పవర్ బటన్ అరనిమిషం నొక్కి పట్టుకున్నాడు. లోపల మిగిలిపోయిన కరెంటు పోతుందని. నలుపే. మెమరీ ముక్క పైకి తీసి, దాని బంగారు పళ్ళని రబ్బరుతో తుడిచి పెట్టాడు. నలుపే. తెర మీద టార్చి వేసి పక్కనుంచి చూశాడు. వెనక దీపం పోతే బొమ్మ మసగ్గా అయినా కనపడుతుంది. టార్చి వెలుగులో అతని మొహమే కనపడింది. అదేం ప్రోత్సాహకరంగా లేదు.

"యంత్రం బతికే ఉందండి మేడమ్," అన్నాడు ఫోనుతో. "ఫ్యాన్ తిరుగుతోంది. క్యాప్స్ లాక్ నొక్కితే దీపం వస్తోంది. తెరొక్కటే రాదు. పోనీ పాడైపోయిందా అంటే, పదకొండు సెకన్లు చక్కగా వెలిగింది."

"ఆ పదకొండు సెకన్ల తర్వాత ఏం మారింది?" అని అడిగింది రెహానా.

"ఏం మారలేదండి. ఈవిడ నా చెయ్యి పట్టుకుంది, అంతే."

మధ్యాహ్నం అయ్యేసరికి లోవరాజు వేళ్ళు వంకాయ రంగుకి తిరిగాయి. సత్యవేణి వాటిని చూసి చూపు తిప్పుకుంది. మళ్ళీ చూసింది.

"కోసేయండి బాబాయ్ గారూ," అంది.

"కోస్తే నీ రేకులో?"

"నా సంగతి వదిలేయండి. నా చెయ్యి ఎప్పుడో పోయిందే, ఇది వచ్చి పన్నెండేళ్ళు ఉంది, చాలు. మీది పుట్టినప్పటి చెయ్యి. నా మూలంగా దానికేమైనా అయితే నేను జీవితంలో రేకు ముట్టుకోలేను."

"ఈ చెయ్యి ఎన్ని లాప్‌టాప్‌లని చంపిందో నీకు తెలీదు. దీని మీద అంత జాలి పనికిరాదు," అన్నాడు గానీ, నవ్వబోయిన మొహం నొప్పికి సగంలో ఆగింది. "ఇంకొక్కసారి చూస్తానమ్మా. ఒక్కసారి. అప్పటికీ రాకపోతే నువ్వన్నట్టే."

లోవరాజుకి ఒక అలవాటు ఉంది. పని మొదలుపెట్టే ముందు స్క్రూడ్రైవర్ కళ్ళకద్దుకుంటాడు. ఎడం చేత్తో అద్దుకోవడానికి మనసొప్పక, పొద్దుట్నుంచీ మానేశాడు. ఇది ఆఖరిసారి కాబట్టి మానబుద్ధి కాలేదు. స్క్రూడ్రైవర్ని ఇరుక్కున్న కుడి చేతి వేళ్ళ సందులో గుచ్చి, సత్యవేణి చేతితో సహా ఎత్తి, కళ్ళు మూసుకుని అద్దుకున్నాడు.

"వెలిగింది!" అని అరిచింది సత్యవేణి.

లోవరాజు ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, చేతులు కిందికి దించాడు. తెర నల్లగా ఉంది.

"ఏడిపించకమ్మా, అసలే ప్రాణం బాగోలేదు."

"ఒట్టండీ! నీలంగా వెలిగింది. మీరు కళ్ళు తెరవగానే పోయింది."

మళ్ళీ కళ్ళు మూసుకుని అద్దుకున్నాడు. "వెలిగింది!" తెరిచి దించాడు. నలుపు. మూడోసారి ఒక కన్ను మూసి, రెండోది సగం తెరిచి దొంగలా చూస్తూ అద్దుకున్నాడు. తెర నీలంగా మెరుస్తోంది. గడియారం ఒంటిగంట నలభై చూపిస్తోంది.

జీవితంలో ఎన్నడూ ఏ దేవుణ్ణీ ఏమీ అడగని లోవరాజు ఆ క్షణంలో మొక్కుకోవలసిన దేవుళ్ళ జాబితా మొదలుపెట్టాడు. మూడో దేవుడి దగ్గర ఆగిపోయాడు.

"మేడమ్! ఈ మర చేతిలో అయస్కాంతం ఉందా?"

"తాళమే అయస్కాంతం. మణికట్టులో ఉంటుంది. కరెంటు లేకపోయినా పట్టు వదలకూడదు కదా, అందుకని గట్టిది పెట్టాం."

"చచ్చాం పొండి," అన్నాడు లోవరాజు పరమానందంగా.

సంగతేమిటంటే, లాప్‌టాప్‌కి తన మూత మూశారో తెరిచారో కంటితో తెలీదు. మూత అంచులో చిన్న అయస్కాంతం, కింద కీబోర్డు పక్కన దాన్ని పసిగట్టే చిన్న ముక్క ఉంటాయి. మూత పడితే అయస్కాంతం దగ్గరికొస్తుంది. ఆ ముక్క "మూసేశారు" అని చెబుతుంది. యంత్రం తెర ఆర్పేస్తుంది. సత్యవేణి కృతజ్ఞత చెప్పడానికి కీబోర్డు మీదుగా చెయ్యి చాచినప్పుడే లాప్‌టాప్ తన మూత పడిందనుకుంది. ఆ తర్వాత ఇద్దరూ ఎప్పుడు ఫలితం చూడబోయినా, అలసిపోయిన చేతుల్ని సరిగ్గా ఆ ముక్క మీదే ఆనించారు. పొద్దుట్నుంచీ తెర బాగానే ఉంది. మూసిన లాప్‌టాప్‌లో తెర ఎందుకు వెలగట్లేదని అంతసేపూ దాన్ని విప్పి పరీక్షించారు.

"నేను పెట్టిన తెర బాగుందన్నమాట," అన్నాడు లోవరాజు నమ్మలేనట్టు. "నా తప్పు కాని తప్పు నేను చూడ్డం ఇదే మొదలు."

కుడి చేతుల్ని బారెడు దూరం చాచి, ఎడం చేతులతో వైరు గుచ్చి ప్రోగ్రాం తెరిచారు. తెర మధ్యలో ఒక గీత, దాని పక్కన అంకె: 78. కింద "విడుదల" అన్న బటన్. లోవరాజు ఆత్రంగా నొక్కాడు. ఏమీ జరగలేదు. బటన్ బూడిద రంగులో ఉంది.

రెహానా మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడింది. "అవునవును... మర్చిపోయాను. అంకె నలభై కన్నా కిందికి దిగితే తప్ప ఆ బటన్ పనిచేయదు. ప్రమాదం పోయి మనసు కుదుటపడిందని తెలియాలి కదా."

"అంటే?"

"ఆ అమ్మాయికి మీ మీద ఉన్న కృతజ్ఞత కాస్త తగ్గాలి."

సత్యవేణి వంకాయ రంగు వేళ్ళ వైపు చూసింది. అంకె 81కి ఎక్కింది.

"నా గురించి అంత గొప్పగా అనుకోకమ్మా," అన్నాడు లోవరాజు. ఇది తనకి చేతనైన పనే అనిపించింది అతనికి. "ఈ తెర తుక్కులో దొరికింది. పదకొండు రోజులు వెతికానన్నానా, అందులో రెండు రోజులు నిద్రపోయాను. పోయిన ఏడాది ఓ హెడ్మాస్టారి రేడియో విప్పి, బిగించాక, మూడు ముక్కలు మిగిలిపోతే, అవి అనవసరమైనవని ఆయనకి సర్దిచెప్పాను."

"మీలాగా నిజం చెప్పేవాళ్ళు ఎవరుంటారండీ," అంది సత్యవేణి. 84.

"నీ రేకులు ఓసారి తిన్నాను. కాగితం నమిలినట్టుంది!"

"ఆయ్! ఎవరి రేకులు తిన్నారండి? మావి కాదు! మావైతే నాలిక మీద పెట్టగానే..." కోపంతో అంకె 89 అయ్యింది. తొంభై దాటితే ఇంకో గడియ పడుతుందేమోనని లోవరాజు గబగబా, "అబద్ధమమ్మా, అబద్ధం, అమృతం!" అన్నాడు.

"తిట్టినా పొగిడినా మా యంత్రానికి ఒకటే," అంది రెహానా. "ప్రశాంతంగా ఉండండి. ఏదైనా మాట్లాడుకుందాం. లోవరాజు గారూ, ఆ తెర వెనక వైరన్నారే, అందులో రకాలుంటాయా?"

అరవై ఏళ్ళ జీవితంలో ఒక శాస్త్రవేత్త లోవరాజుని ప్రశ్న అడగడం అదే మొదటిసారి. అతని మొహం వెలిగింది.

"మంచి ప్రశ్న అడిగారండి! ముప్పై పిన్నులదొకటి, నలభై పిన్నులదొకటి. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. ముప్పైది నలభైలో పట్టదు, పట్టిందా, ఇక అంతే! నేను 2034లో ఏం చేశానంటే..." 2034 నుంచి 2037కి వచ్చాడు. వెనక దీపాల్లో రకాలు చెప్పాడు. ఏ రకం స్క్రూ ఏ దేశంలో అరగదీసి పంపేవారో చెప్పాడు. సత్యవేణి మొదట "ఊఁ" కొట్టింది. తర్వాత తల ఊపింది. తర్వాత గోడ మీద బల్లిని చూసింది. 61. 52. ఒక ఆవలింత వచ్చింది. 44. లోవరాజు మెరుపు తెరకీ మసక తెరకీ తేడా చెబుతుండగా 38.

బటన్ ఆకుపచ్చగా మారింది. సత్యవేణి చప్పుడు చేయకుండా ఎడం చేత్తో నొక్కింది. మర చెయ్యి పువ్వులా విచ్చుకుంది.

"...అందుకని మసక తెరలో కళ్ళు అలిసిపోవండి," అంటున్నాడు లోవరాజు. తెరుచుకున్న ఆ చేతిలోనే అతని చెయ్యి ఇంకా అలాగే ఉంది.

"బాబాయ్ గారూ, వచ్చేసిందండి. తీసుకోండి," అంది సత్యవేణి.

వేళ్ళు కదిపి చూసుకున్నాడు. అయిదూ ఉన్నాయి, అయిదూ తిడుతున్నాయి. ఆలస్యం చేయకుండా ప్రోగ్రాంలో "రేకు" అన్న పాత అమరిక వెతికి చేతిలోకి ఎక్కించాడు. సత్యవేణి సంచిలోంచి అట్టపెట్టె తీసి, చెల్లెలు తీసిన రేకొకటి బల్ల మీద పరిచింది. రెండు మర వేళ్ళతో దాని అంచు పట్టుకుని పైకి ఎత్తింది. రేకు చిరగలేదు. ఫ్యాన్ గాలికి అలలా ఊగింది. అంకె: 3.

అంకె ముప్పై అయింది, యాభై అయింది, రేకు పొడిపొడి అయింది. ఆమె లేచి లోవరాజు వైపు రెండడుగులు వేసింది. 74.

"దూరం!" అని అరిచాడు లోవరాజు, రెండు చేతులూ వీపు వెనక దాచుకుని.

సత్యవేణి ఆగిపోయింది. గోడవైపు తిరిగింది. పెదాలు చిన్నగా కదులుతున్నాయి. పదిహేడో ఎక్కం చదువుకుంటోంది. అంకె మెల్లగా దిగింది. అప్పుడు, ఇటు తిరక్కుండా, పప్పులో ఉప్పెంత వేశావని అడిగితే చెప్పినట్టు చప్పగా అంది:

"ఏదోలెండి. పర్లేదు. బాగానే చేశారు."

22.

లోవరాజు ఇన్నేళ్ళలో చాలా పొగడ్తలు విన్నాడు, కొన్ని స్వయంగా కల్పించుకున్నాడు. ఏదీ ఇంత లోపలికి వెళ్ళలేదు. "ఆఁ, ఏముందిలే," అన్నాడు తనూ చప్పగానే.

ఫోను ఇంకా బల్ల మీద వెలుగుతూనే ఉంది.

"అమ్మాయ్," అంది రెహానా. ఆ గొంతు ఇందాకటి శాస్త్రవేత్తది కాదు. "నువ్వెప్పుడూ ఇలాగే మాట్లాడతావా?"

"చెయ్యి తొడుక్కున్నప్పుడు అంతేనండి. మొదటి ఏడాదే తెలిసింది, మనసు మరీ ఉప్పొంగితే వేళ్ళు బిగుసుకుంటాయని. ఇవాళే అదుపు తప్పింది. నాకు తెలిసిన మర చేతులవాళ్ళందరం అంతేనండి. అందర్లోకీ మేమే పెడసరం మనుషులమని ఊళ్ళో పేరు."

"కంపెనీ ఉన్నప్పుడు ఏటా అందరికీ ఉత్తరాలు రాసేవాళ్ళం," అంది రెహానా. "మా చెయ్యి ఎలా ఉందని. రెండువేల మంది. ఒక్కరూ బాగుందని రాయలేదు. 'పర్లేదు'. 'పనికొస్తోంది'. 'ఏదోలెండి'. అన్నీ అవే. ఎవరికీ నచ్చలేదనుకుని కంపెనీ మూసేశారు. ఎవరికీ నచ్చని వస్తువు చేశానని నేనూ..." ఆ వాక్యం ఆమె పూర్తిచేయలేదు. "ఆ జవాబులన్నీ ఆ మర చేతులతోనే రాశారు కదూ?"

సత్యవేణి ఫోను వైపు వచ్చింది. చేతికి వైరు ఇంకా ఉంది. తెర మీద అంకె లేస్తోంటే లోవరాజు భయంగా చూశాడు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. పదిహేడో ఎక్కం అయిపోయి పంతొమ్మిదిలోకి వెళ్ళింది.

"మీ చెయ్యి గురించి చెప్పాలంటేనండి," అంది ఆచితూచి, ఒక్కో మాటా రేకులా ఎత్తి పెడుతూ, "పర్లేదు మేడమ్. పనికొస్తోంది."

తెర మీద అంకె ముప్పై తొమ్మిది దగ్గర వణుకుతోంది, కిందికి దిగనంటోంది. లోవరాజు అది కర్నూలుకి వినపడేలా గట్టిగా చదివాడు.